కిల్లాలా బిషప్ మాట తెలుగులోకి: పని డైరీ

1798లో ఐర్లండ్‌లో బ్రిటిష్ పాలన మీద లేచి విఫలమైన తిరుగుబాటును దగ్గరుండి చూసిన ఒక మనిషి ఉత్తరాలనూ కథనాన్నీ ఎంపిక చేసి తెలుగులోకి తేవడం, దానికి ఒక పటం గీయడం, అంతా కలిపి చేత్తో కుట్టిన చిన్న పుస్తకంగా తయారుచేయడం: ఇదీ పని. పాత ఉత్తరాలతో ఇలాంటి పని ఎవరు తలపెట్టినా నేను వృథా చేసిన రోజులు వాళ్లు వృథా చేసుకోకూడదని ఈ డైరీ రాస్తున్నాను.

ముందు అవసరమైనంత నేపథ్యం. ఆ ఏడాది మే, జూన్ నెలల్లో లేచిన తిరుగుబాటును ప్రభుత్వం అప్పటికే అణచివేసింది. జూన్ 21న వినెగర్ హిల్ పోరుతో వెక్స్‌ఫర్డ్‌లో దాని వెన్ను విరిగింది. అంతా అయిపోయాక ఆగస్టు 22న జనరల్ ఉంబేర్ మూడు ఓడల్లో తిరుగుబాటుదారులకు సాయంగా వెయ్యికి పైగా ఫ్రెంచి సైనికులతో పడమటి తీరాన మాయో కౌంటీలో దిగారు. తీరానికి దగ్గరి ఊరు కిల్లాలా. అక్కడి ప్రొటెస్టెంట్ బిషప్ జోసెఫ్ స్టాక్. ఆయన ఆ పదవికి వచ్చి ఎనిమిది నెలలు కూడా కాలేదు. ఫ్రెంచి వాళ్లు ఆయన ఇంటినే స్థావరం చేసుకున్నారు. సెప్టెంబరు 23న ప్రభుత్వ సేన ఊరిని తిరిగి పట్టుకునేదాకా ఆయన కుటుంబంతో సహా తన ఇంట్లోనే బందీగా ఉన్నారు. ఫ్రెంచి భాష బాగా వచ్చినవారు కాబట్టి దగ్గరగా విన్నారు, మాట్లాడారు, రాసిపెట్టారు.

దశ 1: మూలాన్ని శుభ్రం చేయడం

పాత కాగితాల స్కాన్లను కంప్యూటర్ చేత చదివించాను. ఆ కాలపు అచ్చులో ఇంగ్లీషు 'ఎస్' అక్షరం మాట మొదట్లోనూ మధ్యలోనూ నిలువుగా సాగి, చూడగానే 'ఎఫ్' అనిపిస్తుంది. కంప్యూటర్ కూడా అలాగే చదివింది. తెరచాప అనే అర్థమున్న 'సెయిల్' కాస్తా 'ఫెయిల్' అయింది. చూపు అనే అర్థమున్న 'సైట్' కాస్తా 'ఫైట్' అయింది. ఆ ఒక్క మాట వల్ల నా కాలక్రమ పట్టికలో జరగని పోరాటం ఒకటి చేరింది. అది ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి రెండు సాయంత్రాలు వెతికాను.

సరిదిద్దిన పద్ధతి:

1. 'ఎస్'తో చదివినా 'ఎఫ్'తో చదివినా అర్థం వచ్చే మాటలన్నీ విడిగా జాబితా రాసుకోవాలి. అర్థం లేని మాటలు ఎలాగూ కంటికి చిక్కుతాయి. ప్రమాదమంతా అర్థమున్న వాటితోనే.
2. ఆ మాట వచ్చిన ప్రతిచోటా స్కాన్ బొమ్మను పెద్దది చేసి అడ్డగీత చూడాలి. గీత నిలువుకు రెండు వైపులా ఉంటే 'ఎఫ్'. ఎడమ వైపు మాత్రమే ఉన్నా, అసలు లేకపోయినా 'ఎస్'.
3. అంకెలు కంప్యూటర్‌కు వదలకూడదు. ప్రతి అంకెనూ స్కాన్ చూసి చేత్తో రాసుకోవాలి.

ఇప్పటికి: 26 గంటలు, 240 రూపాయలు (అచ్చు తీయించినందుకు).

దశ 2: రెండు గొంతులు

ఈ దశలో 11 పేజీలు చింపాను. బిషప్ మనకు రెండు రకాలుగా కనిపిస్తారు. ఆ రోజుల్లో దాచుకున్న డైరీలోనూ, సోదరుడికి రాసిన ఉత్తరాల్లోనూ 'నేను' అంటారు. 1800లో పేరు లేకుండా, కళ్లారా చూసినవాడు రాసినట్టుగా వెలువరించిన కథనంలో తనను తాను 'బిషప్' అని మూడో మనిషిలా చెప్పుకుంటారు. చదవడానికి సాఫీగా ఉంటుందని నేను రెండింటినీ కలిపి అంతటా 'నేను' చేశాను.

పదకొండో పేజీ దగ్గర తప్పు తెలిసింది. డైరీ రాస్తున్న మనిషికి రేపేమవుతుందో తెలియదు. ఎవరు గెలుస్తారో, పిల్లలు బతికి బయటపడతారో లేదో తెలియదు. కథనం రాసిన మనిషికి అన్నీ తెలుసు, ప్రతి మాటా తూచి పెట్టగలడు. రెండూ ఒకే 'నేను'లో కలిపితే ఆగస్టు 25 నాటి బందీకి అక్టోబరు నాటి తెలివి వచ్చేసింది. భయం మాయమైంది. ఇది భాషకు సంబంధించిన పొరపాటు అనుకోను, ఆ మనిషికి చేసిన అన్యాయం అనుకుంటాను.

మార్పు: డైరీ, ఉత్తరాల భాగాలు పేజీ ఎడమ అంచు నుంచే మొదలవుతాయి. కథనం భాగాలు 12 మిల్లీమీటర్లు లోపలికి జరిగి ఉంటాయి. కథనంలో 'బిషప్' అన్న మాటను అలాగే ఉంచాను.

ఇదే దశలో మరో రెండు మాటలు తేలాయి. ఆయన నివాసాన్ని అక్కడ 'కాసిల్' అనేవారు. నేను 'కోట' అని రాస్తే, చిత్తుప్రతి చదివిన మిత్రుడు "బురుజుల మీద ఫిరంగులు లేవా?" అని అడిగారు. కోట అనగానే మనకు గోల్కొండ కనిపిస్తుంది మరి. 'బిషప్ నివాసం' అని మార్చాను. రెండోది, ఫ్రెంచి వాళ్లు వచ్చేనాటికి ఆ ఇంట్లో ఉన్న అతిథుల సంగతి. మొదట దాన్ని 'బంధువుల రాక' అన్నట్టు రాశాను. నిజానికి అది మరునాడు జరగాల్సిన ఏటేటి మతగురువుల సమావేశం. అందుకే ఆ రాత్రి భోజనం బల్ల చుట్టూ అంతమంది మతగురువులు ఉన్నారు. ఫ్రెంచి వాళ్లు మైలు దూరంలోకి వచ్చేశారని ఒక మనిషి పరుగున వచ్చి చెప్పింది ఆ బల్ల దగ్గరే.

ఇప్పటికి: 44 గంటలు, 240 రూపాయలు, చింపిన పేజీలు 11.

దశ 3: మైళ్లు

ఏ3 కాగితం అడ్డంగా, 1 సెంటీమీటరుకు 3 కిలోమీటర్లు. కిల్లాలా నుంచి ఉంబేర్ లొంగిపోయిన బాలినమక్ దాకా పక్షి ఎగిరే దూరం 100 కిలోమీటర్లకు కాస్త పైనే. అంటే పటంలో దాదాపు 35 సెంటీమీటర్లు. 42 సెంటీమీటర్ల కాగితంలో పడుతుంది.

మొదటి పటం పనికిరాలేదు. పాత రచనల్లో కనిపించిన మైళ్లను 1.609తో హెచ్చవేసి ఊళ్ల మధ్య దారులు గీశాను. దూరాలన్నీ ఐదో వంతుకు పైగా తగ్గాయి. ఊళ్లను అక్షాంశ రేఖాంశాల ప్రకారం పెట్టాను కాబట్టి వాటి చోటు సరిగ్గానే ఉంది. దారులు మాత్రం ఊళ్లను చేరలేదు. ఒకచోట దారి ఊరికి ముప్పావు సెంటీమీటరు ఇవతలే ఆగిపోయింది.

కారణం ఐరిష్ మైలు. ఇంగ్లీషు మైలు 1,760 గజాలు. ఐర్లండ్‌లో అప్పుడు వాడుకలో ఉన్న మైలు 2,240 గజాలు, అంటే 2.05 కిలోమీటర్లు. మన క్రోసు, ఆమడ కూడా సీమకో కొలతగా ఉండేవని తెలిసిన మనకు ఈ అనుమానం ముందే రావాలి.

1. ఐరిష్ మైళ్లను 14తో హెచ్చించి 11తో భాగిస్తే ఇంగ్లీషు మైళ్లు వస్తాయి. భిన్నం కచ్చితంగా సరిపోతుంది, దశాంశాలతో పని లేదు.
2. పాత అంకె ఏ మైలుదో తెలియనప్పుడు, నేడు కూడా అదే దారి ఉన్న రెండు ఊళ్ల దూరంతో పోల్చాలి. కిల్లాలా నుంచి బాలినాకు నేటి దారి సుమారు 12 కిలోమీటర్లు. అది దాదాపు 6 ఐరిష్ మైళ్లు, ఏడున్నర ఇంగ్లీషు మైళ్లు.
3. మైలు రకం తేలని అంకెను పటంలో వాడకూడదు.

వంకర దారులు కొలవడానికి మొదట నూలు దారం వాడాను. గట్టిగా లాగితే 10 సెంటీమీటర్లకు 3 మిల్లీమీటర్లు సాగుతోంది. పటం మీద అది దాదాపు కిలోమీటరు తేడా. సన్నని రాగి తీగకు మారాను. తీగను దారి వెంట వంచి, వంపులన్నిటి దగ్గర వేలితో నొక్కి, తరువాత నిటారుగా చేసి స్కేలు మీద పెట్టాలి. ఒక తీగ నాలుగైదు కొలతలకు మించి పనికిరాదు, ముడతలు పడిపోతుంది.

బాలినా నుంచి కాసిల్‌బార్ దారి కూడా తప్పుగానే గీశాను. మామూలు బాట ఫాక్స్‌ఫర్డ్ మీదుగా పోతుంది, ప్రభుత్వ సేన కాపు కాసింది కూడా అటే. ఉంబేర్ రాత్రికి రాత్రి కాన్ సరస్సుకు పడమట, లహర్డేన్ మీదుగా కొండదారి పట్టారు. ఆగస్టు 27 ఉదయం ఎదురుచూడని వైపు నుంచి కాసిల్‌బార్ దగ్గరి ప్రభుత్వ సేన మీద వచ్చి పడి గెలిచారు. పటంలో ఆ దారి లేకపోతే ఆ గెలుపు అర్థం కాదు. సరస్సును నీలం రంగుతో నింపాక చూసేవాళ్లకు ఒక్క చూపులో తెలుస్తోంది.

ఇప్పటికి: 65 గంటలు, 625 రూపాయలు, చింపిన పేజీలు 11, పారేసిన పటాలు 2.

దశ 4: తేదీలు

చిన్న దశ, కానీ ఇక్కడ ఒక గుంట ఉంది. ఫ్రెంచి అధికారులు తమ విప్లవ పంచాంగం ప్రకారం తేదీలు వేసేవారు. ఆగస్టు 22 వాళ్లకు ఆరో సంవత్సరం చివరి నెల ఫ్రుక్తిదోర్ 5. కాసిల్‌బార్ పోరు ఫ్రుక్తిదోర్ 10. బాలినమక్ ఫ్రుక్తిదోర్ 22. అంతవరకు 17 కలిపితే ఆగస్టు తేదీ వస్తుంది, 31 దాటితే సెప్టెంబరు.

కిల్లాలా పతనం దగ్గర నా పట్టిక ఐదు రోజులు తప్పింది. వాళ్ల నెలలన్నీ ముప్పై రోజులే. పన్నెండు నెలలయ్యాక ఏ నెలలోనూ చేరని ఐదు రోజులు (కొన్నేళ్లలో ఆరు) ఉంటాయి. వాటిని మరిచిపోయి ఫ్రుక్తిదోర్ 30 మరునాడే కొత్త సంవత్సరం అనుకున్నాను. సెప్టెంబరు 23 నా పట్టికలో కొత్త సంవత్సరం మొదటి నెల వందేమియేర్ 7 అయింది. సరైనది ఏడో సంవత్సరం వందేమియేర్ 2. వారాలు కూడా లెక్కగట్టి పక్కన రాసుకోండి, తప్పు వెంటనే పట్టిస్తాయి: ఓడలు వచ్చింది బుధవారం, కాసిల్‌బార్ సోమవారం, బాలినమక్ శనివారం, కిల్లాలా పతనం ఆదివారం.

ఇప్పటికి: 71 గంటలు, ఖర్చులో మార్పు లేదు.

దశ 5: చూసినది, విన్నది

ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే. ఈ పని ఎందుకు చేస్తున్నానో నాకు తేటపడింది కూడా ఇక్కడే.

కాసిల్‌బార్ భాగం అనువదిస్తూ ప్రభుత్వ సేన ఫిరంగులు వదిలి పారిపోవడాన్ని, గుర్రపు దళం రాత్రికి దూరాన ఉన్న ట్యూమ్ ఊరి దాకా పరుగెత్తడాన్ని కంటి ముందు జరిగినట్టు రాశాను. చదివితే ఉత్సాహంగా ఉంది. తరువాత పటం తీసి చూశాను. ఆ రోజు బిషప్ కిల్లాలాలో, తన ఇంట్లో ఉన్నారు. ఆయన ఒక్క గుర్రాన్ని కూడా చూడలేదు. 14 పేజీలు పక్కన పెట్టేశాను.

ఆ తరువాత ప్రతి విషయాన్నీ ఒక చీటీ మీద రాశాను. బిషప్ తన కళ్లతో చూసింది అయితే నీలం పెన్సిలు గీత, ఒకరు చెప్పగా విన్నది అయితే ఎరుపు గీత.

నీలం చీటీల్లో కొన్ని: ఓడలు ఇంగ్లీషు జెండాలు ఎగరేసుకుని వచ్చాయి. మిత్ర నౌకలనుకుని ఆయన కొడుకులు ఇద్దరు పడవెక్కి పలకరించడానికి వెళ్లి బందీలయ్యారు. ఇంటి గుమ్మం మీద ఆకుపచ్చ జెండా ఎగిరింది. పై అంతస్తులోని గ్రంథాలయాన్నీ మూడు పడకగదులనూ కుటుంబానికి వదిలేశారు, ఫ్రెంచి వాళ్లు ఆ మెట్లెక్కి ఇబ్బంది పెట్టలేదు. సైనికులు రొట్టె, బంగాళాదుంపలు తిని నీళ్లు తాగి, కప్పుకోవడానికి ఏమీ లేకుండా వీధి రాళ్ల మీద నిద్రపోయారు. నీలం యూనిఫాంల కోసం బారులు తీరిన కాథలిక్ పల్లె యువకులు, తాము ఫ్రాన్సు కోసం, మేరీమాత కోసం ఆయుధం పడుతున్నామని చెప్పారు. రోము నుంచి పోపును వెళ్లగొట్టి వచ్చిన దేశపు సైనికులకు ఆ మాట ఎంత వింతగా తోచిందో బిషప్ గమనించారు. బండ్లు, పడవలు సమకూర్చలేదని ఉంబేర్ కోపగించి బిషప్‌ను ఫ్రాన్సుకు పంపేస్తానని కాపలాతో దారి పట్టించి, అంతలోనే వెనక్కి పిలిపించారు.

ఎరుపు చీటీలు: కాసిల్‌బార్, కలూనీ, బాలినమక్. అంటే చరిత్ర పుస్తకాలు పెద్ద అక్షరాలతో రాసే యుద్ధాలన్నీ.

ఎరుపు భాగాలకు తెలుగులో నాకు చేతికందిన పరికరం 'అట'. "పారిపోయారట, ఫిరంగులు వదిలేశారట." ఇంగ్లీషులో ఇంత పొట్టిగా ఈ మాట చెప్పలేం కాబట్టి సంబరపడి మూడు పేజీలు నింపాను. గట్టిగా చదివించుకుంటే కుదరలేదు. ఒకసారి 'అట' అంటే విన్నమాట, పదిసార్లు అంటే నమ్మని మాట. బిషప్ విన్నదాన్ని నమ్మారు, చెప్పినవాళ్లెవరో తూచి నమ్మారు. నా 'అట'లు ఆయనను ఊరి రచ్చబండ దగ్గర కూర్చోబెట్టాయి.

చివరికి కుదిరిన పద్ధతి:

1. విన్న భాగం మొదట్లో ఒకే ఒక్క వాక్యంలో ఆ సమాచారం ఎలా వచ్చిందో చెప్పాలి: "కాసిల్‌బార్ నుంచి తిరిగి వచ్చినవాళ్లు చెప్పినదాన్నిబట్టి..."
2. ఆపైన మామూలు భూతకాలమే.
3. భాగం చివరి వాక్యంలో మాత్రం ఒక్క 'అట'.
4. చూసిన భాగంలో 'అట' ఎక్కడా రాకూడదు. ఒక్కటి వచ్చినా చీటీ మళ్లీ చూడాలి.

212 చీటీలు అయ్యాక అవే రంగులు పటం మీద వేశాను. ఎరుపు తూర్పు దాకా పోయింది. నీలం కిల్లాలా చుట్టూ 3 మిల్లీమీటర్ల చుక్క. ఆ మనిషి నెల రోజులు చూసిన లోకం అంతే, కిటికీలోంచి కనిపించిన ఒక వీధి, ఒక తోట, సముద్రం వైపు ఒక బాట. ఆ చుక్కలోంచే ఆయన శత్రువును మనిషిగా చూశారు. ఊరి కాపలాకు మిగిలిన ఫ్రెంచి అధికారి షారో గురించి ఆయన రాసిన తీరు చూడండి: పారిస్ గడియారాల పనివాడి కొడుకు, కరీబియన్ సముద్రంలోని సాన్ దొమింగో దీవిలో ఆస్తి సంపాదించి పోగొట్టుకున్నవాడు, సముద్రం మీద ఇంగ్లీషు వాళ్లకు చిక్కిన భార్యాబిడ్డల కబురు తెలియనివాడు. ఉంబేర్ లొంగిపోయిన తరువాత కూడా రెండు వారాలు కిల్లాలా తిరుగుబాటుదారుల చేతుల్లోనే ఉంది. అప్పుడు ప్రొటెస్టెంట్ కుటుంబాల ప్రాణాలు కాపాడింది షారో, బూదే, పొంసోన్ అనే ముగ్గురు అధికారులు. బిషప్ ఆ మాట దాచలేదు.

సెప్టెంబరు 23 పేజీని మూడుసార్లు తిరగరాశాను. ఆ రోజు గెలిచింది బిషప్ పక్షం. వందల మంది తిరుగుబాటుదారులు ఊళ్లోనూ పొలాల్లోనూ తీరం దాకా తరిమి చంపబడ్డారు. విడిపించడానికి వచ్చిన సైనికులే తరువాత ఇళ్లు దోచారు. దొంగతనంలో తిరుగుబాటుదారుల కంటే రాజుగారి సైనికులే చాలా నేర్పరులని ఆయన అచ్చులో రాశారు. ఆ నిజాయితీ వల్లే ఆయనకు పెద్ద పదవులు దక్కలేదని ఎప్పటినుంచో చెప్పుకుంటారు. 1810లో వాటర్‌ఫర్డ్‌కు బదిలీ అయ్యారు, 1813లో అక్కడే పోయారు. నా మొదటి ప్రతిలో సైనికుల దోపిడీ వాక్యం మెత్తబడింది. రెండో ప్రతిలో నా కోపం చేరింది. మూడోదానిలో ఆయన ఎంత చెప్పారో అంతే ఉంచాను.

ఇప్పటికి: 118 గంటలు, 755 రూపాయలు, చింపిన పేజీలు 25.

దశ 6: ఆయన, అతడు, వాళ్లు

చిత్తుప్రతి మొత్తం ఒక్క బిగిన చదివితే ఒక విషయం గుచ్చుకుంది. బిషప్‌కు 'ఆయన', ఉంబేర్‌కు 'అతడు', బల్లెం పట్టిన రైతుకు ఒకచోట 'వాడు' అని పడ్డాయి. నేను ఆలోచించి పెట్టినవి కావు. ఇంగ్లీషు సర్వనామంలో మర్యాద తేడా లేదు, ఆ తేడా నా చేతి నుంచి వచ్చింది. పేరున్న ప్రతి పెద్దవారికీ 'ఆయన', పేరు లేనివాళ్లకు 'అతడు', 'వాళ్లు' అని నిర్ణయించి మొదటి నుంచి దిద్దాను.

పేర్ల పట్టికలో ఇద్దరికి ప్రత్యేక వివరణ రాశాను. బాలినమక్ దగ్గర ఉంబేర్‌ను చుట్టుముట్టిన సేనల పై అధికారి కార్న్‌వాలిస్, అప్పటి ఐర్లండ్ లార్డ్ లెఫ్టినెంట్, అంటే అక్కడ రాజుగారి ప్రతినిధి. శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లినదీ, 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టినదీ ఆయనే. కాసిల్‌బార్‌లో ఓడిన ప్రభుత్వ సేనాని జనరల్ లేక్ తరువాత మన దేశానికి సేనానిగా వచ్చి 1803లో ఢిల్లీ పట్టుకున్నారు. బాలినమక్‌లో లొంగిన ఫ్రెంచి వాళ్లు యుద్ధఖైదీలుగా మర్యాద పొందారు, వాళ్ల వెంట నడిచిన ఐరిష్ వాళ్లను వందల సంఖ్యలో చంపారు. ఆ రెండు వాక్యాలూ ఒకే పేరాలో పక్కపక్కనే ఉండాలని పట్టుబట్టి ఉంచాను.

ఇప్పటికి: 127 గంటలు.

దశ 7: కుట్టు

ఏ5 కొలత, 64 పేజీలు, నాలుగు మడతలుగా. విజయవాడలో కాగితం కొన్నాను. మొదటి ప్రతి నిలువుగా మెలితిరిగింది. కాగితం ఏ వైపు సులువుగా వంగుతుందో చూసి, ఆ వంపు వెన్నుకు సమాంతరంగా వచ్చేట్టు కోయాలి. నేను అడ్డంగా కోశాను.

మైదా జిగురు మొదటిసారి పల్చనై అట్ట ఉబ్బింది. ఒక వంతు మైదాకు ఐదు వంతుల నీళ్లు పోసి, చెంచా నిలబడేదాకా ఉడికించాక సరిపోయింది. పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం కలిపాను. పిల్లలకు అందకుండా పెట్టండి.

మడతపెట్టిన పటం వల్ల పుస్తకం ఒకవైపు 4 మిల్లీమీటర్లు లావెక్కింది. వెన్ను దగ్గర మూడు చోట్ల 15 మిల్లీమీటర్ల వెడల్పు కాగితపు పట్టీలు కలిపి కుట్టి ఆ తేడా పూడ్చాను. దారానికి మైనం పూయకపోతే మూడో మడత దగ్గర చిక్కుపడుతుంది.

మొత్తం: 141 గంటలు, 1,665 రూపాయలు, చింపిన పేజీలు 25, పారేసిన పటాలు 2, తయారైన ప్రతులు 3.

కుట్టు అయ్యాక డబ్బాలో ఒక చీటీ మిగిలింది, ఏ రంగూ వేయనిది. ఖైదీలుగా వెళ్లిన షారో, బూదే, పొంసోన్‌ల నడవడి గురించి లండన్ అధికారులు బిషప్‌ను అడిగారు. ఆయన జవాబు రాశారు. దాని మీద ఆ ముగ్గురినీ బదులుగా తమ ఖైదీలను అడగకుండానే విడిచి ఇంటికి పంపమని ఉత్తర్వు వచ్చింది. జవాబు ఆయన తన చేత్తో రాసినది, విడుదల ఆయన కబురుగా విన్నది. చీటీకి పైన నీలం గీత, కింద ఎరుపు గీత గీసి, 64వ పేజీలో మొత్తం ఎక్కించాను.